పడవలు ఒడ్డెక్కించిన మాట

పాతరేవు, నరసాపురం దగ్గర
జూన్ చివరి వారం

తమ్ముడు వీరబాబుకి అక్క నూకరత్నం రాస్తున్నది.

నువ్వూ మరదలు సత్యవాణీ బాగున్నారని టీవీలో చూస్తూనే ఉన్నాం. మేమూ బాగానే ఉన్నాం. అంటే, నీ ఉపన్యాసం విన్నాక ఎంత బాగుండగలమో అంత.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని నవ్వకు. ఫోన్ చేస్తే ముందు మీ పీఏ గణేష్‌బాబు ఎత్తి "చైర్మన్‌గారు మీటింగులో ఉన్నారండి" అంటాడు. ఒకవేళ నువ్వే ఎత్తినా మాట్లాడేది నువ్వు, వినేది నేను. చిన్నప్పట్నుంచీ అంతే. ఉత్తరానికి మధ్యలో అడ్డం రాలేవు కదా, అందుకని ఈ కాగితం.

మొన్న మా ఎండుచేపల షెడ్డు ప్రారంభించడానికి వచ్చావు. రిబ్బను కత్తిరించావు. షెడ్డు గురించి నాలుగు ముక్కలు చెప్పి దిగుతావనుకున్నాం. మైకు పట్టుకుని, "సరిహద్దులో పరిస్థితి చేయి దాటిపోయింది, యుద్ధం రేపో మాపో, మన తీరం కూడా శత్రువు లెక్కలో ఉంది, పడవలు ఒడ్డెక్కించుకోండి" అన్నావు. చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను, తమ్ముడివి కదా. నువ్వు భోజనం చేసి కారెక్కి రాజమండ్రి వెళ్ళిపోయావు. ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

పడవలు ఒడ్డెక్కించారు. రెండు నెలల వేట నిషేధం అయ్యాక, వలలు బాగుచేసుకుని, ఇంజన్లకి కొబ్బరికాయలు కొట్టి సముద్రం మీదికి వెళ్ళి వారమైనా కాలేదు. మామూలుగా పడవ లాగేటప్పుడు హైలెస్సా అని అరుస్తారా, ఆ రోజు ఒక్కరి నోటా మాట లేదు. తాళ్ళు తెచ్చి కొబ్బరిచెట్లకి కట్టేశారు. మీ బావ కూడా. నేను వద్దంటే "చైర్మన్‌గారి బావమరిది పడవ... కాదు, చైర్మన్‌గారి బావ పడవ ఒక్కటే నీళ్ళలో ఉంటే బాగుంటుందా" అన్నారు. కంగారులో ఆయనకి వరసలు కూడా తెలియడం లేదు.

జ్ఞానప్రకాశం దుకాణంలో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు అయిపోయాయి. ఎదురింటాయన మేడ మీది టీవీ గొడుగు విప్పి మంచం కింద పెట్టాడు. విమానాల వాళ్ళు దాన్ని చూసి రాడార్ అనుకుంటారట. చేపలు కొనడానికి వచ్చే ఐసు వ్యాను రెండుసార్లు ఖాళీగా తిరిగి వెళ్ళి, మూడోసారి రాలేదు.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ మా అమ్మాయి లోవలక్ష్మి పెళ్ళి ఆగేలా ఉంది. పెళ్ళికొడుకు సురేష్‌బాబు సైన్యంలో, జమ్మూ వైపు ఉన్నాడని నీకు తెలుసు. నిన్న వాళ్ళమ్మ అప్పాయమ్మగారు అవతలి గట్టు నుంచి పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చింది. మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. "చైర్మన్‌గారే చెప్పారు కదండి వదినగారూ, ఆయనకి పైనుంచి తెలియకుండా అంటారా. యుద్ధం వచ్చి, పిల్లాడు వెనక్కొచ్చాక చూద్దామండి" అని ఏడ్చింది. లోవలక్ష్మి వంటగదిలోంచి బయటికి రాలేదు.

యుద్ధం వస్తుందని నీకు ఎవరు చెప్పారు? తెలిసి అన్నావా? తెలిస్తే వివరంగా రాయి. తెలియకపోతే ఆ మాటే రాయి.

నీ అక్క
నూకరత్నం


చైర్మన్, తీర గ్రామాల సలహా మండలి
రాజమహేంద్రవరం
జూలై మొదటి వారం

గౌరవనీయులైన అక్కయ్యగారికి నమస్కారములు.

మీ లేఖ అందినది. ప్రస్తుత పరిస్థితులలో ప్రజలను అప్రమత్తం చేయుట ప్రజాప్రతినిధులుగా మా కనీస బాధ్యత. దేశ భద్రతకు సంబంధించిన విషయములు లేఖలలో చర్చించుట శ్రేయస్కరం కాదు. నా ప్రసంగంలోని కొన్ని భాగములను కొందరు వక్రీకరించినట్లు మా దృష్టికి వచ్చినది. ముందుజాగ్రత్త వలన ఎవరికీ నష్టం వాటిల్లదు. వివాహ విషయమై వరుని తల్లిగారికి ధైర్యం చెప్పవలసినదిగా కోరుచున్నాను. అవసరమైన పక్షంలో వారితో నేను స్వయంగా మాట్లాడగలను.

ఇట్లు
వీరబాబు

(కింద పెన్నుతో) అక్కా, ఫోన్ ఎత్తు. పదకొండు సార్లు చేశాను. వచ్చే మనిషి ఎవరైనా ఉంటే ఎండు రొయ్యలు పంపు, సత్యవాణి అడుగుతోంది.


పాతరేవు
జూలై రెండో వారం

తమ్ముడూ,

గణేష్‌బాబు రాసిన ఉత్తరం అందింది. వాడికి నా ఆశీస్సులు చెప్పు. నీ వైపు నుంచి నన్ను 'గారు' అని పిలిచినవాడు వాడొక్కడే. మీ బావకి చదివి వినిపిస్తే "ఇందులో యుద్ధం వస్తుందని ఉందా, రాదని ఉందా" అని అడిగారు. నేను మళ్ళీ చదివాను. నాకూ దొరకలేదు.

కింద పెన్నుతో రాసిన ముక్క మాత్రం నీదే. అందుకే రొయ్యలు పంపుతున్నాను. అవి పాత సరుకు. కొత్తవి కావాలంటే పడవలు నీళ్ళలోకి దిగాలి, దిగాలంటే నువ్వు నోరు తెరవాలి.

ఆదివారం సురేష్‌బాబు ఫోన్ చేశాడు. నవ్వుతూనే మాట్లాడాడు. "అత్తయ్యగారూ, యుద్ధం ఎప్పుడో చైర్మన్‌గారిని అడిగి మాకూ చెప్పండి, మా ఆఫీసరుగారికి కూడా తెలియదట" అన్నాడు. లోవలక్ష్మి పక్కనే ఉండి చాలా రోజులకి నవ్వింది. తర్వాత ఆ పిల్లాడే గొంతు తగ్గించి, "మా అమ్మ అన్నం మానేసిందండి. రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది. ఇక్కడ డ్యూటీ నాకు కష్టం కాదు, ఆ ఏడుపు విని మళ్ళీ డ్యూటీకి వెళ్ళడం కష్టంగా ఉంది. ఆయనకి ఒక్క మాట చెప్పండి" అన్నాడు. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

వీరబాబూ, మన ఊళ్ళో నీకంటే బాగా మాట్లాడేవాళ్ళు వచ్చి వెళ్ళారు. యుద్ధాలూ చెప్పారు, ప్రళయాలూ చెప్పారు. విని ఎవరి పనికి వాళ్ళు పోయారు. నువ్వు చెబితే ఎందుకు కదిలారో తెలుసా? 'పడవలు ఒడ్డెక్కించండి' అన్నది నాన్న మాట. గంగయ్య ఆ మాట అన్నాడంటే తుఫాను వచ్చినట్టే. రేడియో చెప్పకముందే అనేవాడు. ఊరికే ఎప్పుడూ అనలేదు. మబ్బు పట్టినప్పుడల్లా జనం మన గుమ్మంలో నిలబడి "గంగయ్యా, ఏంటి సంగతి" అని అడిగేవాళ్ళు. తోచకపోతే చెవి వెనక గోక్కుని "తెలీదురా, పొద్దున చూసి చెబుతాను" అనేవాడు. జనం పొద్దున దాకా ఆగేవాళ్ళు. ఎవరూ ఆయన్ని చులకన చేయలేదు. నీకు గుర్తు లేకుండా ఎలా ఉంటుంది, ఆ గుమ్మంలో ఆయన తువ్వాలు పట్టుకుని వేలాడింది నువ్వే కదా.

నువ్వు ఆ మాట తీసుకెళ్ళి ఎండుచేపల షెడ్డులో చప్పట్ల కోసం వాడావు. నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా సిగ్గేసింది.

ఇక విషయం. పెళ్ళి జరిగితే, పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మంటపానికి తేవాల్సింది మేనమామవి నువ్వు. దాని పుట్టిన రోజు నుంచీ "నా కోడల్ని నేనే మోస్తాను" అని ఊరంతా చెప్పుకున్నావు. నువ్వు ఇదే షెడ్డుకి వచ్చి, ఇదే మైకులో, నీకు తెలిసింది తెలిసినట్టు చెప్పకపోతే ఆ బుట్ట పట్టుకోనివ్వను. చినబాబుని పిలుస్తాను. పెదనాన్న కొడుకు, వాడూ మేనమామ వరసే. అవతలి పార్టీ అయితే నాకేంటి, చేతులు గట్టిగానే ఉన్నాయి. ఫొటోలు పేపర్లో వేయించుకుంటాడు కూడా.

అక్క


రాజమండ్రి
జూలై, గురువారం

అక్కా,

ఇది నేనే రాస్తున్నాను. గణేష్‌బాబుని టీకి పంపేశాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, సర్దుకో.

చినబాబు పేరు రాయడం అన్యాయం. ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు. సత్యవాణి మాత్రం పకపకా నవ్వింది. "మీ అక్కగారిని పార్టీలో చేర్చుకుంటే మీరందరూ ఇంట్లో కూర్చోవచ్చండి" అంది.

నాకు ఎవరూ చెప్పలేదు అక్కా. పైనుంచి ఫోన్ రాలేదు, కాగితం రాలేదు. టీవీలో నువ్వు చూసిందే నేనూ చూశాను.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. నాకంటే ముందు మాట్లాడినాయన దేశభక్తి మీద దంచి చప్పట్లు పట్టుకుపోయాడు. నా వంతు వచ్చేసరికి పక్కన వంటల షామియానా లోంచి చేపల పులుసు వాసన మొదలైంది. వెనక వరస లేచింది. రెండో వరస చెప్పులు వెతుక్కుంటోంది. షెడ్డు రేకుల గురించి చెబుతుంటే ఎవరు కూర్చుంటారు? యుద్ధం అన్నాను. లేచినవాళ్ళు ఆగారు. రేపో మాపో అన్నాను. కూర్చున్నారు. అక్కడితో ఆగాల్సింది. వాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు. చిన్నప్పుడు మన గుమ్మంలో నాన్న మొహంలోకి అలాగే చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట దానంతటదే వచ్చేసింది. అప్పుడు చప్పట్లు కొట్టారు, నేను పులుసుతో భోజనం చేశాను.

వాళ్ళు నిజంగా పడవలు లాగేస్తారని అనుకోలేదు. మా మాటలు జనం నమ్మరని మా అందరికీ లోపల ఒక ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యంతోనే మాట్లాడతాం.

మా పార్టీ పెద్దాయన్ని అడిగాను, మాట వెనక్కి తీసుకుంటానని. "తెలియదని చెప్పడానికి నీకు పదవి ఎందుకయ్యా" అన్నాడు. అది వినగానే నాన్న చెవి గోక్కోవడం కళ్ళ ముందు కనపడింది. ఆయనకి ఏ పదవీ లేదు కదా. నాకు భయంగానే ఉంది అక్కా. నాలుగేళ్ళుగా ప్రతిదీ తెలిసినట్టే మాట్లాడాను. ఒక్కసారి తెలియదంటే మిగతావన్నీ కూడా తెలియవని పట్టేస్తారేమో.

ఆదివారం వస్తున్నాను. కారు వద్దు, బస్సులో వస్తాను. మైకు పెట్టించు. భోజనాలు మాత్రం పెట్టించకు.

వీరబాబు


పాతరేవు
జూలై మూడో వారం

తమ్ముడూ,

బస్సులో సీటు దొరికిందా? నువ్వు వేదిక దిగి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయావు. నీ మొహం చూస్తే పరీక్ష తప్పిన పిల్లాడిలా ఉంది. అందుకే నువ్వు వెళ్ళాక జరిగింది రాస్తున్నాను.

నువ్వు "నాకు ఎవరూ చెప్పలేదండి, చప్పట్ల కోసం అన్నానండి, క్షమించండి" అన్నావు. పల్లంరాజు తాత లేచి "ఇంతకీ యుద్ధం వస్తుందా రాదా బాబూ" అని అడిగాడు చూడు, అక్కడ నేను కళ్ళు మూసుకున్నాను. ఏదో ఒకటి కల్పిస్తావని భయం. నువ్వు చెవి వెనక గోక్కున్నావు. తెలిసి చేశావో తెలియక చేశావో కానీ, "తెలీదు తాతా. ప్రభుత్వం చెబితే ఆ కాగితం తెచ్చి ఇక్కడే చదువుతాను. అప్పటిదాకా యుద్ధం గురించి నేను మాట్లాడను" అన్నావు. ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. అది నిన్ను బాధపెట్టిందని నాకు తెలుసు.

నువ్వు వెళ్ళాక తిట్టినవాళ్ళు తిట్టారు, అది నీకు రావాల్సిందే, తగ్గించి రాయను. "మా వేట పోయింది, వాడు బస్సెక్కి పోయాడు" అన్నారు. అప్పుడు పల్లంరాజు తాత "గంగయ్య కొడుకు చెవి గోక్కున్నాడర్రా" అని నవ్వాడు. ఒకరిని చూసి ఒకరు నవ్వారు. మీ బావ లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కొబ్బరిచెట్టుకి కట్టిన తాడు విప్పారు. ఇంకొకాయన భుజం పెట్టాడు. సాయంత్రానికి హైలెస్సా అన్న కేక మన ఇంట్లోకి వినపడింది. ఎదురింటాయన మంచం కింద నుంచి టీవీ గొడుగు తీసి మేడ మీద పెట్టాడు కానీ అది ఇప్పుడు ఏ చానలూ పట్టడం లేదు. దానికి నిన్నే తిడుతున్నాడు.

అప్పాయమ్మగారు రాలేదు కదా అని నువ్వు దిగులుపడ్డావు. ఆవిడ అవతలి గట్టున ఎవరి ఫోన్లోనో నిన్ను చూసింది. మర్నాడు మొదటి పంటుకే వచ్చింది. వచ్చీ రాగానే "ఆయనకే తెలియదట కదండి వదినగారూ. ఎవరికీ తెలియనిదాని కోసం పెళ్ళెందుకు ఆపాలండి" అంది. ఈసారి మంచినీళ్ళు తాగింది, కాఫీ తాగింది, చేపల వేపుడు రెండుసార్లు వేయించుకుంది. శ్రావణంలో ముహూర్తం పెట్టేశాం. సురేష్‌బాబు సెలవు అడిగాడు, ఇస్తామన్నారట.

బుట్ట నీదే. చినబాబుకి కబురు పంపలేదులే, ఊరికే బెదిరించాను. లోవలక్ష్మి మాత్రం నీ మీద కోపంతో రోజూ రెండు ముద్దలు ఎక్కువ తింటోంది. "మామయ్య మోయాలి కదా, మోయనీ" అంటోంది. ఇప్పట్నుంచే బియ్యం బస్తా ఎత్తి సాధన చెయ్యి.

అక్క


రాజమండ్రి
జూలై నెలాఖరు

అక్కా,

బస్తా ఎత్తుతున్నాను. సత్యవాణి వీడియో తీస్తోంది.

ఇక్కడ నా పరిస్థితి వింతగా ఉంది. తెలియదనడం ఒకసారి అలవాటైతే ఆపడం కష్టం. మొన్న టీవీ వాళ్ళు మైకు పెట్టి సరిహద్దు గురించి అడిగారు. "నాకు తెలియదండి, తెలిసినవాళ్ళని అడగండి" అన్నాను. ఆ అమ్మాయి మైకు తీసుకుని, అది పనిచేస్తోందో లేదో చూసుకుంది. అది టీవీలో రాలేదు. పార్టీ పెద్దాయన ఫోన్ చేసి చాలాసేపు తిట్టాడు. పదవి ఉంచుతాడో ఊడగొడతాడో అదీ తెలియదు.

గోదావరికి వరద వస్తోంది. పెళ్ళి రోజుకి పంటు నడుస్తుందా అని నలుగురు పెళ్ళివాళ్ళు నన్ను అడిగారు. పాత అలవాటు చొప్పున "నేను చూసుకుంటానుగా" అనబోయి నాలుక కరుచుకున్నాను. పంటు నడిపే ఆయన నంబరు ఇచ్చాను. ఒకాయన మళ్ళీ ఫోన్ చేసి "పనికొచ్చే మాట చెప్పారండి" అన్నాడు. ఇన్నేళ్ళలో నాకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు అదే తలుచుకున్నాను.

మన వాళ్ళు వేటకి పోవాల్సిన రోజులు పోగొట్టుకున్నారు. అది నేను తిరిగి ఇవ్వలేను. ఏం చేయాలో కూడా తెలియదు. వచ్చినప్పుడు అడుగుతాను, వాళ్ళే చెబుతారు.

నీ తమ్ముడు


పాతరేవు
ఆగస్టు చివర

తమ్ముడూ,

నడుముకి రాయడానికి నూనె పంపుతున్నాను. గోరువెచ్చగా చేసి రాయించుకో. మంటపానికి నాలుగు అడుగులు ఉందనగా నీ మోకాళ్ళు వణకడం అందరూ చూశారు. చినబాబు చప్పున వచ్చి బుట్ట రెండో వైపు పట్టుకున్నాడు. రెండు పార్టీలూ కలిసి మోసిన పెళ్ళికూతురు మన జిల్లాలో ఇదేనని ఊరంతా నవ్వుకుంటున్నారు. లోవలక్ష్మి బుట్టలో తల దించుకుని నవ్వు ఆపుకోలేక ఊగుతూ ఉంటే, సిగ్గుపడుతోందనుకుని పంతులుగారు మెచ్చుకున్నారు.

పంటు కూడా నడిచింది. వరద ఒక్క రోజు తెరిపి ఇచ్చింది. ఇది నీ గొప్ప కాదు.

నిన్నటి స్టేషను సంగతి రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. సురేష్‌బాబు సెలవు అయిపోయి బయల్దేరాడు. నవ్వుతూనే రైలెక్కాడు. లోవలక్ష్మి కిటికీ దగ్గర నిలబడింది. అప్పాయమ్మగారు బెంచీ మీద నీ పక్కన కూర్చుని, "చైర్మన్‌గారండి, ఇప్పుడైనా చెప్పండి. యుద్ధం రాదు కదండి? నా కొడుకు మళ్ళీ వస్తాడు కదండి?" అని అడిగింది. నేను వెనకే ఉన్నాను. అక్కడ ఒక్క అబద్ధం చెప్పేసినా నిన్ను ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నేనే చెప్పేసేదాన్ని.

నువ్వు "తెలియదమ్మా" అన్నావు. ఆవిడ ఒళ్ళోని సంచి తీసుకుని నీ ఒళ్ళో పెట్టుకున్నావు. రైలు కదిలి, చివరి పెట్టె కనపడకుండా పోయేదాకా అలాగే కూర్చున్నావు. నువ్వు అంతసేపు మాట్లాడకుండా ఉండటం నువ్వు పుట్టినప్పట్నుంచీ నేను చూడలేదు.

నిన్ను రాజమండ్రి బస్సెక్కించాక, ఆవిడని పంటు రేవు దాకా నేను దిగబెట్టాను. దారంతా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రేవులో చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, నీళ్ళలోకి దిగుతూ ఆగింది. "వదినగారూ, మీ తమ్ముడుగారు ఏదో ఒక రోజు భయం లేదని చెబుతారు చూడండి, ఆ రోజు నేను నిద్రపోతానండి. ఆయన ఊరికే అనరు" అంది.

ఆ చివరి మాట ఇదివరకు ఊళ్ళో నాన్న గురించే అనేవాళ్ళు.

కొత్త రొయ్యలు ఎండుతున్నాయి. సత్యవాణికి పంపుతాను.

అక్క
నూకరత్నం